ఎడమవైపు వెనక బోల్టు

మా మేనమామ అంటే నాకు అసహ్యం. పెద్దవాళ్ళ గురించి, అందులోనూ పోయినవాళ్ళ గురించి ఇలా రాయకూడదంటారు. రాస్తాను. నా పద్నాలుగో ఏట నాన్న పోతే అమ్మనీ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నవాడు ఆయనే. ఆ సంగతి మమ్మల్ని ఒక్క రోజు కూడా మర్చిపోనివ్వనివాడూ ఆయనే. నేను అన్నం తింటుంటే కంచంలోకి చూసేవాడు. ఇప్పటికీ ఎవరైనా నా కంచంలోకి చూస్తే నాకు ముద్ద దిగదు.

ఇల్లు రాయ్‌పూర్ శివార్లలో, మోవాలో, బిలాస్‌పూర్ రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది. రెండు గదులు, ముందొక వరండా. ఆయన భార్య పెళ్ళైన ఏడాదికే పోయింది. పిల్లలు లేరు. వంటా వార్పూ అన్నీ అమ్మే చూసుకునేది. వరండాలో ఒకే ఒక్క పేము కుర్చీ ఉండేది, అది మావది. ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. నేను మెట్టు మీద కూర్చునేవాణ్ణి.

మావ భన్‌పురిలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ మిస్త్రీ. శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చినవాళ్ళలో మిస్త్రీ అనిపించుకున్న మొదటివాణ్ణి తనేనని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. మా నాన్నని ఆ ఫ్యాక్టరీలో పెట్టించింది కూడా ఆయనే. ఒకరోజు నాన్న బిగించిన బోల్టు విరిగి, గొలుసుకి వేలాడుతున్న ఇనప దిమ్మ కిందపడింది. ఒక కూలీ పాదం నలిగిపోయింది. మర్నాడే నాన్నని పంపేశారు. ఆ తరవాత నాన్న మూడేళ్ళు లారీలకి బస్తాలు మోసి, ఒక వానాకాలం జ్వరంతో పోయాడు.

నాన్న పోయినా మావ నోట్లో మాట పోలేదు. "ఆడిది ఇరగ్గొట్టీ చెయ్యి" అనేవాడు. ఆ తరవాత ఆ మాటని నాకు అంటగట్టాడు. నా చేతిలోంచి గ్లాసు జారినా, నా సైకిలు చెయిన్ తెగినా అమ్మని పిలిచి మరీ, "బాబు చెయ్యే వచ్చిందప్పా నీ కొడుక్కి" అనేవాడు. అమ్మ ఆయనకి అక్క. వయసులో నాలుగేళ్ళు పెద్దది. అయినా ఒక్కసారి కూడా నోరు మెదిపేది కాదు. ఆవిడ మీద కూడా నాకు ఒళ్ళు మండేది.

నేను లేత్ పని నేర్చుకుని భన్‌పురిలోనే వేరే షాపులో టర్నర్‌గా చేరాను. లారీ షాఫ్టులు తిప్పేవాణ్ణి. నేను తిప్పిన షాఫ్టు వెనక్కి వచ్చిందని మా సేఠ్ ఒక్కనాడూ అనలేదు. ఆ షాపులో నాది మంచి చెయ్యి. సాయంత్రం సైకిలెక్కి మోవా చేరేసరికి అదే చెయ్యి విరగ్గొట్టే చెయ్యి అయిపోయేది.

మావకి ఒక మోటారు సైకిలుండేది. నల్లటి పాత బండి, ఇనప సిలిండరు మీద అల్యూమినియం హెడ్డు. దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఇచ్చేవాడు, దసరాకి. ఫ్యాక్టరీలో విశ్వకర్మ పూజ ఘనంగా చేసేవారు కానీ మావ దాన్ని లెక్కపెట్టేవాడు కాదు. "అది ఈళ్ళ పండగ. మన పనిముట్లకి మన పూజ" అనేవాడు. వరండాలో పీట మీద పానాలూ సుత్తులూ ఆకురాళ్ళూ పరిచేవాడు. ముంగిట్లో బండిని సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, పూజకి ముందు కాసేపు ఇంజిను నడిపించేవాడు. చల్లటి ఇంజినుకి పూజ చేస్తే శవానికి చేసినట్టేనట. చక్రాలకీ ఇంజిను నెత్తినా పసుపూ కుంకుమా పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం మేనల్లుడి పని అని ఆయనే పెట్టిన రూలు. ముందు చక్రం దగ్గరున్న రాయి మీద కాయ కొట్టి, చక్రాల మీద నాలుగు చుక్కలు చిలకరించాలి. అప్పుడాయన కర్పూరం తేవడానికి లోపలికి వెళ్ళేవాడు.

ఆ కాస్త సమయంలో నేను చిప్పలో మిగిలిన నీళ్ళు వేడి ఇంజిను నెత్తిన పోసేవాణ్ణి. చుయ్‌మని ఆవిరి లేచేది. మావ నెత్తిన పోసినంత హాయిగా ఉండేది. పదిహేడో ఏట మొదలుపెట్టి ఒక్క దసరా కూడా తప్పకుండా పోశాను. చాలా చిన్న కసి, సిగ్గుపడాల్సినంత చిన్నది. కానీ ఏడాది పొడుగునా తిట్లు తినేవాడికి అదైనా ఉండాలి కదా.

ఎనభైల మధ్యలో, నాకు ఇరవై ఎనిమిది నడుస్తుండగా, మావ రిటైరయ్యాడు. అప్పటికే ఆయన కుడి మణికట్టు వాచి, పానా పడితే వణికేది. ఆ ఎండాకాలం బండి హెడ్డు కింద నుంచి ఫుస్సు ఫుస్సుమని గాలి తన్నడం, నూనె కారడం మొదలైంది. హెడ్డుకీ సిలిండరుకీ మధ్య ఉండే గాస్కెట్ పోయింది. దేవేంద్ర నగర్‌లో మంచి మెకానిక్ ఉన్నాడు, అక్కడికి తోసుకుపోదామన్నాను.

"నా బండి మీద పరాయోడి చెయ్యి పడకూడదు" అన్నాడు.

"నాది ఇరగ్గొట్టే చెయ్యి కదా మావా."

"అందుకే నాను కూకుని సూస్తాను. నాను సెప్పినట్టు చెయ్యి."

ఆదివారం పొద్దున్న మొదలుపెట్టాను. ఆయన పేము కుర్చీలో కూర్చుని ముక్కుపొడి పీలుస్తూ, నేను పానా ఎత్తకముందే తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. హెడ్డుని సిలిండరుకి పట్టి ఉంచేవి నాలుగు పొడవాటి బోల్టులు. ఒక్కొక్కటీ ఒక చిన్న గుంటలో కూర్చుని ఉంటుంది. మొదటి మూడూ టక్కుమని వదిలాయి. వదిలే బోల్టు ఎప్పుడూ అలాగే టక్కుమంటుంది. నాలుగోది, ఎడమవైపు వెనకది, చప్పుడు చెయ్యలేదు. పానా కదిలింది కానీ బోల్టు తిరుగుతున్నట్టు లేదు. ముదిరిన బెల్లం పాకాన్ని తిప్పినట్టు మెత్తగా సాగుతోంది. ఆపేద్దామనుకునేలోపే మావ అరిచాడు.

"ఆగీసినావేట్రా? తిప్పు! అన్నం తింటావా, గడ్డి తింటావా?"

తిప్పాను. బోల్టు తల తెగి పానాలో ఉండిపోయింది, కాడ హెడ్డులోనే బిగుసుకుపోయింది.

మావ కుర్చీలోంచి లేచాడు. పానాలోని ఆ తలని లాగి, చూడకుండానే మురిక్కాలవలోకి విసిరేశాడు. నా వైపు కూడా చూడలేదు. వంటింటి వైపు తిరిగి, పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా, "అప్పా! రా, సూడు! ఇరగ్గొట్టీసినాడు. బాబు పోయినా బాబు చెయ్యి పోలేదు" అన్నాడు.

అమ్మ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పద్నాలుగేళ్ళుగా నేను మింగినదంతా అప్పుడు నోట్లోకొచ్చింది.

"మా నాన్న ఇరగ్గొట్టిన బోల్టు నువ్వు సూసినావా? ఆ ముక్క చేత్తో పట్టుకుని సూసినావా?"

"సూడ్డానికేటుంది? ఇరిగింది, ఇరిగిందే."

"అంటే సూడలేదు. సూడకుండానే మూడేళ్ళు తిట్టి సంపినావు మనిషిని."

"నోరు ముయ్! నా ఇంట్లో తిని..."

"ఇది నేను బయటికి తీస్తాను. తీసి నీ చేతిలో పెడతాను. అప్పుడు సెప్పు ఎవడి చెయ్యో."

పానాకి తెలిసింది నాకూ తెలిసింది. ఆరోగ్యంగా ఉన్న బోల్టు అలా సాగదు, అది ముందే పుచ్చిపోయి ఉండాలి. ఆ ముక్క బయటికి వస్తే నా చెయ్యి నిర్దోషి. రాకపోతే, లేదా హెడ్డు పాడైతే, చచ్చేదాకా నేనూ నాన్నా ఒకే మాట కింద పడుంటాం.

మావకి తెలిసిన వైద్యం ఒకటే, సుత్తి. ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద ఇనప దిమ్మల మధ్య బతికినవాడు. ఆ మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్ళొచ్చేసరికి రెండు సేర్ల సుత్తితో హెడ్డుని కింద నుంచి కొడుతున్నాడు. మణికట్టు వణికి దెబ్బ పక్కకి పోయింది, హెడ్డు చుట్టూ ఉండే సన్నటి రెక్కల్లో ఒకటి విరిగి ముంగిట్లో పడింది. నేను వెళ్ళి సుత్తి లాక్కున్నాను. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి నెట్టాను కూడా. కుర్చీలో పడ్డాడు.

"రెక్క కూడా నేనే ఇరగ్గొట్టినానని సెప్పు మీ అప్పకి" అన్నాను.

చెప్పాడు. సిగ్గు లేకుండా అదే చెప్పాడు.

ఆ వారమంతా మేం మాట్లాడుకోలేదు. రోజూ షాపు నుంచి రాగానే ఆ గుంటలో కిరసనాయిలూ మొబిలాయిలూ కలిపి పోసేవాణ్ణి. చిన్న రాగి కమ్మీతో చుట్టూ మెల్లగా కొట్టేవాణ్ణి, నూనె లోపలికి దిగాలని. మావ కుర్చీలో కూర్చుని గోడతో మాట్లాడేవాడు. "బేకార్ పని. సుట్టూ తిరిగి సుట్టూ తిరిగి, ఆకర్ని దేవేంద్ర నగర్ మెకానిక్కాడి కాళ్ళు పట్టుకుంటాడు" అనేవాడు గోడతో. నేను పళ్ళు నూరుకుంటూ కొట్టేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆయన అలా కూర్చుని చూడకపోతే మూడో రోజుకే వదిలేసేవాణ్ణి.

రెండో ఆదివారం షాపు నుంచి బ్లోలాంపు తెచ్చాను. వేడికి ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది. హెడ్డు కాగితే లోపలి బోల్టు కాడని వదలాలి. మంట చుట్టూ తిప్పుతుంటే గుంటలోంచి ముందు నూనె పొగ వచ్చింది. అది పోయాక ఇంకో వాసన వచ్చింది. తీపి వాసన. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏదో మాడతంది. పాకం మాడినట్టుంది" అంది.

"పొయ్యి మీద ఏటుంది?" అన్నాడు మావ. ముక్కుపొడి పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

"ఏటీ లేదు. పొయ్యి ఆర్పీసినాను."

ఆవిడ బండి వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. నాకప్పుడు వాసన గురించి ఆలోచించే తీరిక లేదు. హెడ్డు కదిలింది. అటూ ఇటూ వెంట్రుకవాసి ఆడించాను. కిర్రుమంటూ లేచి చేతుల్లోకి వచ్చింది. సిలిండరు మీద తల లేని బోల్టు కాడ వేలెడంత నిటారుగా నిలబడి ఉంది. మావ ముక్కుపొడి డబ్బా మూత పెట్టాడు, అంతే.

కాడని మరతో సహా సిలిండరులోంచి తిప్పి తియ్యడం మిగిలింది. దానికి కరెంటు వెల్డింగ్ కావాలి. సోమవారం సిలిండరుని గోనెపట్టాలో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని భన్‌పురి తీసుకెళ్ళాను. మా షాపు వెల్డరు ఛత్తీస్‌గఢీవాడు, నెమ్మదైన మనిషి. విరిగిన మొహం కాలకుండా కాడకి ఒక నట్టుని కిందిదాకా తొడిగి, నట్టుకీ కాడకీ కలిపి వెల్డింగ్ టాకా వేశాడు. ఎర్రగా కాలింది చల్లారేదాకా ఆగాం. నట్టుకి పానా పెట్టి పావు చుట్టు వెనక్కి, అంతలోనే కాస్త ముందుకి, మళ్ళీ వెనక్కి తిప్పాను. టక్కుమంది. ఆ చప్పుడు విని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

ముక్కని వెలుగులో పెట్టి చూశాం. నేననుకున్నదే. విరిగిన చోట గోరు చివరంత మాత్రమే కొత్తగా మెరుస్తోంది. మిగిలినదంతా నల్లగా, పాతబడి ఉంది. ఏళ్ళ తరబడి ఒక పక్క నుంచి తినేసింది. ఆ రోజు నా చేతిలో తెగింది నూలుపోగు, బోల్టు కాదు. నేను అక్కడే గట్టిగా నవ్వాను. ఇదిగో మావా, చూడు, అని అప్పుడే మనసులో వంద రకాలుగా చెప్పేసుకుంటున్నాను.

వెల్డరు కాడ మీది మట్టిని గోటితో గీకాడు. కాడ చుట్టూ అల్యూమినియం పాడైన తెల్లటి పొడి పేరుకుని ఉంది. అందులో పొరలు పొరలుగా ఎరుపు, పసుపు.

"ఏ తో బందన్ ఆయ్" అన్నాడు. బందన్ అంటే వాళ్ళు పూజకి వాడే కుంకుమ. తరవాత నా మొహంలోకి చూసి, "ఇహాఁ కోన్ పానీ డారిస్ భయ్యా?" అన్నాడు. ఇక్కడ నీళ్ళెవరు పోశారన్నా, అని.

నా నవ్వు ఆగిపోయింది. బండి సైడ్ స్టాండ్ మీద ఎడమకి ఒరిగి ఉంటుంది. నెత్తిన ఏం పోసినా ఎడమవైపు వెనక గుంటలోకే జారుతుంది. పదకొండు దసరాలు. నేను పెట్టిన కుంకుమనీ పసుపునీ, నేనే పోసిన కొబ్బరినీళ్ళు కడిగి తీసుకెళ్ళి ఆ గుంటలో పోశాయి. ఏడాదికొక్కసారి, ఇంట్లో అందరికంటే జాగ్రత్తగా, ఆ బోల్టుని చంపుతూ వచ్చినవాణ్ణి నేను. మావ సరిగ్గానే అన్నాడు. విరగ్గొట్టింది నా చెయ్యే. కాకపోతే ఏ రోజు విరగ్గొట్టిందో ఆయనకి తెలియదు.

వైర్ బ్రష్ తీసుకున్నాను. ఎరుపూ పసుపూ పోయేదాకా, వట్టి తుప్పు మాత్రం మిగిలేదాకా రుద్దాను. వెల్డరు చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం మావ కుర్చీ ముందు నిలబడి ముక్కని ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకున్నాడు. వెలుగుకి తిప్పి, విరిగిన మొహాన్ని చాలాసేపు చూశాడు. ఎంత చెడ్డవాడైనా ఫిట్టరు. ఇనుముతో అబద్ధమాడడం ఆయనకి రాదు.

"ఇది ఎప్పుడో ఇరిగిపోయింది. నీ చెయ్యి కాదు" అన్నాడు.

కళ్ళజోడు తీసి ముంగిట్లోని బండి వైపు చూశాడు.

"ముంగిట్లో వానలో ఒగ్గీసీవోడిని. కవర్ కొనమని నువ్వు సెప్పినావు. నాను ఇనలేదు. నాదే తప్పు."

పద్నాలుగేళ్ళు ఆ మాట కోసం బతికాను. వచ్చింది. నోట్లో బూడిద పోసినట్టుంది. ఆయన అంతటితో ఆపి ఉంటే అప్పుడే చెప్పేసేవాణ్ణేమో. ఆపలేదు. ముక్కని చేతిలో తిప్పుతూ, గొంతు తగ్గించి, నాతో కాదు, గుమ్మంలో నిలబడ్డ అమ్మతో అన్నాడు.

"బావ ఇరగ్గొట్టిన ముక్క నాను సూడలేదప్పా. ఎవుడూ సూడలేదు. తుక్కులో పారీసినారు. అదీ ఇలాగే లోపల పుచ్చిపోయుంటాది. నాను ఊరికే అన్నాను ఆ మనిసిని."

నాన్న పోయాక మావ ఆయన్ని బావ అనడం నేను విన్నది అదే మొదటిసారి. అమ్మ గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి, గడప మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నేళ్ళు ఎప్పుడూ చప్పుడు చెయ్యని మనిషి, ఆ రోజు చప్పుడు చేసింది.

ఇప్పుడు నేను నిజం చెబితే పోయేది నా పరువొక్కటే కాదు. పారేసిన బోల్టు సంగతి నా బోల్టుని చూసే మావకి తట్టింది. నాది విరగ్గొట్టే చెయ్యే అయితే, నాన్నది మళ్ళీ విరగ్గొట్టే చెయ్యి అయిపోతుంది. గడప మీద కూర్చున్న మనిషి ముందు ఆ పని నా వల్ల కాలేదు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. కాసేపటికి అమ్మ వచ్చింది. కళ్ళు తుడుచుకుని, తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు తీసి నా చేతుల మీద పోసింది. మోచేతుల దాకా మసి. ఆవిడ నా మొహం చూడకుండా మెల్లగా అంది.

"ప్రతేడూ నువ్వు పోసీ నీల్లు నానే తుడిసీదాన్ని. తమ్ముడు సూస్తే నిన్ను తిడతాడని, కర్పూరం ఎలిగిస్తన్నప్పుడు గబగబా తుడిసీదాన్ని. ఆ గుంటలోకి గుడ్డ ఎల్లలేదురా."

నేను ఆవిడ వైపు చూశాను. ఇంకో చెంబు పోసింది.

"సెప్పకు" అంది.

వరండాలోంచి మావ పిలిచాడు. టీ చల్లారిపోతోంది రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నా టీ గ్లాసు పేము కుర్చీ చేతి మీద పెట్టి ఉంది.

"కూకో" అన్నాడు.

కూర్చున్నాను.